అతిథిశాల – ఊరి ఋణము

గోదావరి లంకలలో నిరతాన్నదానముచేత పేరుపొందిన డొక్కా సీతమ్మగారి కథ తెలియని తెలుగు ఇల్లు అరుదు. 1841లో జన్మించి, లంకల గన్నవరమున కాపురముండి, వేళ గాని వేళలోనైనను గుమ్మము త్రొక్కిన ప్రతివానికి విస్తరి వేసి అన్నము పెట్టిన ఆ యిల్లాలు 1909లో పరమపదించిరి. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఆమె ఛాయాచిత్రమును కోరి తెప్పించుకొనెనని నేటికిని గోదావరి సీమలో చెప్పుకొందురు. ఆమెకంటె రెండేండ్లు ముందు, 1839లో, గుజరాతు దేశమునందలి నవసారిలో ఒక పారసీ పురోహిత వంశమున జంషెడ్జీ నసర్వాన్‌జీ టాటా జన్మించెను. ఆ పట్టాభిషేకపు దర్బారు ఢిల్లీలో జరిగిన 1903వ సంవత్సరముననే, డిసెంబరు 16వ తేదీన, బొంబాయి సముద్రతీరమున ఆయన కట్టించిన తాజ్‌మహల్ హోటలు తలుపులు తెరచినది. తొలినాడు దిగిన అతిథులు పదునేడుగురు.

ఒకే కాలమున వెలసిన రెండు ఆతిథ్యములివి. ఒకచోట అన్నమునకు వెల లేదు. రెండవచోట వెల లేనిది ఏదియు లేదు. మొదటిదానిని మనము ధర్మమనుచున్నాము. అందు సందేహమునకు తావులేదు. రెండవది వ్యాపారము. అయితే వ్యాపారమునకు ధర్మమున్నదా? ఉన్నచో అది ఎవరిపట్ల? డబ్బిచ్చి దిగిన అతిథిపట్లనేనా, లేక గది తుడుచు పనివానిపట్లను, గుమ్మము బయట బండిపై పండ్లమ్ముకొను వానిపట్లను, ఆ భవనమునకు నీరిచ్చు ఊరిపట్లను గూడనా? నేడు దీనినే వ్యాపార సంస్థల సామాజిక బాధ్యత అను పేరుతో పిలుచుచున్నారు. పేరు క్రొత్తది. ప్రశ్న పాతది. ఒక్క హోటలు చరిత్రను తీసికొని ఈ ప్రశ్నను పరిశీలించుట నేటి ప్రసంగోద్దేశము.

అన్నము అమ్ముట అనగానే మన పూర్వులకు కొంత సంకోచము. అన్నవిక్రయము పాపమని భావించిరి. అందుచేతనే రాజులు, జమీందారులు, కోమట్లు సత్రములు కట్టించి మాన్యములు వ్రాసియిచ్చిరి. ఐనను బాటసారి అవసరము ధర్మశాస్త్రము కొరకు ఆగదు గదా! కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించిన క్రీడాభిరామములో, ఒక్క రూకకు కమ్మని భోజనము దొరకు పూటకూటి యింటి ప్రస్తావన కలదు. అనగా సత్రమును పూటకూళ్ల యిల్లును మన దేశమున ప్రక్కప్రక్కనే బ్రతికినవి. సత్రము కట్టించినవానికి కీర్తి, పుణ్యము. పూటకూళ్లమ్మకు రూక, దానితోపాటు లోకుల చిన్నచూపు.

ఆ చిన్నచూపు మన దేశమునకే పరిమితము కాదు. జంషెడ్జీ హోటలు కట్టింప దలచిన వార్త తెలిసినపుడు ఆయన సోదరి ఆశ్చర్యపడి, బెంగుళూరులో విజ్ఞానశాస్త్ర విద్యాలయమన్నావు, ఇనుప కర్మాగారమన్నావు, ఇపుడు భటార్‌ఖానా పెట్టెదవా అని ఎకసక్కెమాడెనని టాటా కుటుంబ చరిత్రకారులు వ్రాసిరి. భటార్‌ఖానా యనగా పూటకూళ్ల యిల్లే. ఆమె మాటలో వెక్కిరింపున్నను, ఒక సూక్ష్మమును గూడ ఆమె ఎరుగకయే చెప్పినది. విద్యాలయము, ఉక్కు, హోటలు – ఈ మూటిని ఒకే వరుసలో నిలిపిన మనుజుని మనస్సులో అవి మూడును ఒకే పనికి మూడు ముఖములై యుండెను.

అప్పటి బొంబాయి స్థితి ఎట్టిదో జ్ఞప్తి చేసికొనవలెను. 1896లో ఆ నగరమున మహామారి ప్రవేశించినది. జనులు వేలకొలది మరణించిరి; అంతకు మిక్కిలిగా ఊరు విడిచి పారిపోయిరి. మిల్లులు కూలీలులేక వెలవెలబోయెను. బొంబాయి పేరు చెప్పిన విదేశ నౌకలు జంకెడి దినములవి. అట్టి సమయమున సంపన్నుడైనవాడు తన ధనమును వేరొకచోట దాచుకొనుట లోకసహజము. జంషెడ్జీ దానికి విరుద్ధముగా, అపోలో బందరు చెంత సముద్రము పూడ్చిన నేలను కౌలునకు తీసికొని, నగరమున అంతవరకెన్నడును లేని భవనము కట్టుటకు పూనుకొనెను. ఊరిపై విశ్వాసము సన్నగిల్లిన వేళ ఆ విశ్వాసమును రాతితో నిలుపుటయే ఆయన చేసిన మొదటి ఊరి సేవ యని నా అభిప్రాయము.

ఇచట ఒక ఐతిహ్యమును గూర్చి చెప్పక తప్పదు. వాట్సన్ హోటలులో తెల్లవారికి తప్ప ఇతరులకు ప్రవేశము లేదని జంషెడ్జీని వాకిటనే త్రిప్పి పంపిరనియు, ఆ పరాభవమునకు ప్రతీకారముగా ఆయన తాజ్‌ను నిర్మించెననియు ఒక కథ ప్రచారములో నున్నది. వినుటకు ఇంపైన కథ. కాని దానికి గట్టి ఆధారము కానరాదు. పలువురు చరిత్రకారులు దానిని శంకించిరి. ప్రతీకారమునకు కట్టిన భవనములో ద్వేషము కనబడవలెను. ఇందు కనబడునది వేరు. తనకు హోటలు సొంతము చేసికొనవలెనను కోరిక లేదనియు, జనులను ఈ దేశమునకు రప్పించుటయే తన ఆశయమనియు ఆయన చెప్పినట్లు ఆయన జీవితచరిత్ర వలన తెలియుచున్నది. పెట్టుబడి సైతము చాలవరకు ఆయన సొంత ధనమే.

రెండవ కథ మరింత చిత్రమైనది. భవనమును వెనుకదిక్కుగా కట్టిరనియు, అది చూచి శిల్పి ప్రాణత్యాగము చేసికొనెననియు మార్గదర్శకులు యాత్రికులకు చెప్పుచుందురు. ఇది కేవలము కల్పన. నమూనా గీచినవారు సీతారాం ఖండేరావు వైద్య, డి. ఎన్. మీర్జా అను భారతీయ శిల్పులు. వైద్య 1900లో, కట్టడము పూర్తికాకమునుపే, గతించెను. తరువాత చేంబర్సు అను ఆంగ్ల ఇంజనీరు పని ముగించెను. బండ్లు వచ్చి నిలుచుటకు నగరమువైపున వాకిలియు, గదులకు గాలి వచ్చుటకు సముద్రమువైపున ముఖమును ఏర్పరచుట పొరపాటు కాదు, ఉద్దేశపూర్వకము. నేడు దాని యెదుట కనబడు గేట్‌వే ఆఫ్ ఇండియా అప్పటికి లేదు. అది 1924లో పూర్తియైనది.

జంషెడ్జీ స్వయముగా ఐరోపా సంచరించి సామగ్రి సమకూర్చెను. డుసెల్‌డార్ఫులో విద్యుద్యంత్రములు, బెర్లినులో దీపగుచ్ఛములు, పారిసు ప్రదర్శనమున చూచి మెచ్చిన ఉక్కు స్తంభములు – ఇట్లు ఒక్కొక్కటి ఎంచి తెచ్చెను. బొంబాయిలో విద్యుద్దీపములు వెలిగిన మొదటి భవనము ఇదియేనని ప్రసిద్ధి. ఇంత చేసియు ఆయన ఆ వైభవమును అనుభవించినది కొలది నెలలే. 1904 మే 19వ తేదీన జర్మనీలోని బాద్ నౌహైములో ఆయన కన్నుమూసెను.

ఇంతవరకు చెప్పినది భవన చరిత్ర. ఇక ఆ భవనము వెనుక నిలిచిన ధర్మదృష్టి ఎక్కడ నుండి వచ్చినదో చూతము. హోటలునకు చాలకాలము ముందే, 1877 జనవరి 1వ తేదీన, జంషెడ్జీ నాగపురమున ఎంప్రెస్ మిల్లు నెలకొల్పెను. అందు పనివారికి 1886లో పింఛను నిధి ఏర్పాటయ్యెను. 1895 నుండి ప్రమాదమున గాయపడినవారికి పరిహార మియ్యసాగిరి. చట్టమేదియు ఆ పని చేయుమని నాడు ఆజ్ఞాపించలేదు. 1892లో ఉన్నత విద్యకై విదేశములకు పోవు విద్యార్థులకొక నిధి నెలకొల్పెను. బెంగుళూరు విజ్ఞాన సంస్థకై తన ఆస్తిలో పెద్దభాగమును ధారపోయుటకు సిద్ధపడెను. ఆ సంస్థ ఆయన మరణానంతరము 1909లో రూపొంది, 1911లో విద్యార్థులను చేర్చుకొన్నది. ఆయన మరణించిన పిదప ఉక్కు కర్మాగారమున 1912లోనే ఎనిమిది గంటల పనిదినము అమలులోనికి వచ్చినది.

తండ్రి ఆరంభించినదానిని కుమారు లిద్దరును మరియొక మెట్టు పైకి తీసికొనిపోయిరి. దక్షిణాఫ్రికాలో గాంధీజీ నడపిన సత్యాగ్రహమునకు 1909లో ఇరువదియైదువేల రూపాయలు పంపినవాడు చిన్న కుమారుడు రతన్‌జీ టాటా. ఆయన పేరి ధర్మనిధి 1919లోను, అన్న దోరాబ్జీ పేరి ధర్మనిధి 1932లోను ఏర్పడినవి. టాటా సంస్థలకెల్ల మాతృసంస్థయైన టాటా సన్సులో సుమారు నూటికి అరువదియారు పాళ్ల వాటా ఈ ధర్మనిధులదే. ఇది గమనింపదగిన విశేషము. సాధారణముగా వర్తకుడు లాభము గడించి, అందుండి కొంత తీసి దానము చేయును. ఇచట లాభము పుచ్చుకొను చేయియే చాలవరకు దానము చేయు చేయియైనది. హోటలు కంపెనీకి ఇతర వాటాదారులును కలరు గనుక దాని లాభమంతయు ధర్మమునకే పోవుచున్నదని చెప్పరాదు. కాని మాతృసంస్థకు చేరు భాగములో అధికాంశము తుదకు ఆస్పత్రులకు, విద్యాలయములకు, పరిశోధనకు చేరుచున్నది. 1936లో స్థాపితమైన సమాజశాస్త్ర విద్యాలయమును, 1941లో తెరచిన క్యాన్సరు ఆస్పత్రియు ఆ వరుసలోనివే.

ఇక హోటలు సంగతి. మొదటి ప్రపంచ యుద్ధకాలమున ఈ విలాస భవనము ఆరువందల పడకల ఆస్పత్రిగా మారినది. నృత్యశాలలు రోగిశాలలయ్యెను. గాయపడిన సైనికుడు పండుకొన్న మంచము, అంతకు కొన్ని దినములు ముందు మహారాజు శయనించిన గదిలోనిదై యుండవచ్చును. విలాసమునకై కట్టిన గోడలు ఆపత్కాలమున ఊరి సొత్తు కాగలవని ఆనాడు మొదటిసారి తేటపడినది. జాతీయోద్యమ దినములలో మన హైదరాబాదున పుట్టి పెరిగిన సరోజినీ నాయుడుగారు బొంబాయికి పోయినపుడు పలుమారు ఈ హోటలుననే బస చేయుచుండిరి. ఇచట నుండి ఆమె వ్రాసిన లేఖలు పెక్కులు ఉన్నవి.

ఇంతవరకు విని, ఇది కేవలము స్తోత్రపాఠమని శ్రోతలు తలంపవచ్చును. చరిత్ర చెప్పువాడు నాణెమునకు రెండవ వైపును గూడ చూపవలెను. బొంబాయికి జలవిద్యుచ్ఛక్తి తెచ్చిన కీర్తి టాటాలదే; కాని ఆ విద్యుత్తుకై పూనా చెంత ముల్శీలోయలో ఆనకట్ట కట్టబూనినపుడు, తాతతండ్రుల నాటి మాగాణులు మునిగిపోవునని మావళీ రైతులు ఎదురుతిరిగిరి. 1921లో ఆరంభమైన ముల్శీ సత్యాగ్రహమునకు సేనాపతి బాపట్ నాయకత్వము వహించి చెరసాలకు పోయెను. రైతులు ఓడిపోయిరి, ఆనకట్ట నిలిచినది. ఉక్కు నగరమైన జంషెడ్‌పూరులోను 1920 మొదలు కార్మికుల సమ్మెలు పలుమారు జరిగినవి. దానశీలమునకు ప్రసిద్ధికెక్కిన సంస్థయైనను, తన పనికి అడ్డువచ్చినవానిపట్ల న్యాయముగా ఉండునన్న నిశ్చయము లేదని దీనివలన తేలుచున్నది. దానము వేరు, న్యాయము వేరు. మొదటిది ఇచ్చువాని యిష్టము. రెండవది పుచ్చుకొనువాని హక్కు. సామాజిక బాధ్యతయను మాటలో ఈ రెండును కలగాపులగమగుటయే పెక్కు తగవులకు మూలము.

ధనికుడు తన ధనమునకు యజమాని కాడు, ధర్మకర్త మాత్రమేనని గాంధీజీ బోధించెను. దేవాలయ ధర్మకర్తలను ఎరిగిన మనకు ఆ మాట సులభముగా బోధపడును. ఆ పదవిని దుర్వినియోగము చేసినవారినిగూడ మనము ఎరుగుదుము! స్వాతంత్ర్యానంతరము ఆ భావమును వ్యాపార ప్రపంచమునకు అన్వయింపజేయు యత్నములు జరిగినవి. 1965లో ఢిల్లీ నగరమున జయప్రకాశ్ నారాయణ్ గారి ప్రోత్సాహముతో వ్యాపారమునకు గల సామాజిక బాధ్యతలను గూర్చి ఒక గోష్ఠి జరిగెను. సంస్థ తన వాటాదారులకే గాక, పనివారికిని, కొనుగోలుదారులకును, ఇరుగుపొరుగు ప్రజలకును సమాధానము చెప్పవలసియున్నదను భావము అందు స్పష్టరూపము దాల్చినది. తరువాత 1970 ప్రాంతమున జె. ఆర్. డి. టాటా తమ ఉక్కు కంపెనీ నిబంధనావళిలోనే ఈ బాధ్యతను చేర్పించెను.

నిబంధనావళిలో వ్రాసికొన్నది ఎట్టిదో పరీక్షాసమయముననే తెలియును. అట్టి పరీక్ష 2008 నవంబరు 26వ తేదీ రాత్రి వచ్చినది. సముద్రమార్గమున వచ్చిన ఉగ్రవాదులు బొంబాయిలో పలుచోట్ల కాల్పులు సాగించి 166 మందిని బలిగొనిరి. వారిలో నలుగురు తాజ్ హోటలులో జొరబడి, 29వ తేదీ ఉదయము వరకు దానిని రణరంగము గావించిరి. ఆ భవనములోనే ముప్పదియొక్కరు మరణించిరి. అందు హోటలు ఉద్యోగులును పలువురుండిరి.

ఆ మూడు దినములలో జరిగినది తలంచుకొన్నచో నేటికిని కన్ను చెమర్చును. వెనుకదారులు, మెట్లు, వంటశాల గుమ్మములు అతిథులకంటె పనివారికే బాగుగా తెలియును. ప్రాణము దక్కించుకొని జారుకొనుటకు వారికి అవకాశ మున్నది. వారిలో అధికులు అట్లు పోలేదు. టెలిఫోను కడ కూర్చున్న ఆడపిల్లలు గదిగదికిని ఫోను చేసి, తలుపులు బిగించుకొనుడు, దీపములార్పుడు అని హెచ్చరించిరి. వంటవారు అతిథులను వెనుకదారిని నడిపించుచు, తుపాకులకు తామే అడ్డుగా నిలిచిరి. అందు కొందరు నేలకొరిగిరి. హోటలు అధికారి కరంబీర్ కాంగ్ తన భార్యను, ఇద్దరు కుమారులను ఆ మంటలలోనే కోల్పోయియు, ఇతరులను తప్పించు పనిని విడువలేదు. వెయ్యికి మించిన అతిథులు ప్రాణములతో బయటపడిరి.

వారు ఎందుల కట్లు చేసిరి? జీతము కొరకు ఎవ్వడును ప్రాణము నీయడు. హార్వర్డు ఆచార్యుడు రోహిత్ దేశపాండే ఈ విషయమును పరిశోధించి, ఆ హోటలువారు పనివారిని పెద్దనగరముల నుండి గాక, పెద్దలయెడ మన్ననయు, ఇంటికి వచ్చినవానియెడ ఆదరమును ఇంకను నిలిచియున్న చిన్న ఊళ్ల నుండి ఎక్కువగా ఎన్నుకొందురనియు, మార్కులకంటె శీలమునే చూతురనియు తెల్పెను. నాకు ఇందు ఒక సత్యము గోచరించుచున్నది. ఆ రాత్రి తాజ్‌లో నిలిచినది అద్దాలమేడల మర్యాద కాదు. పల్లెయింటి అరుగుమీద అతిథికి చెంబుతో నీళ్లిచ్చు మర్యాద. సీతమ్మగారి సంస్కారమును వెల కట్టి కొనుటకు వీలులేదు. కాని దానిని ఎరిగిన బిడ్డలను పనిలోనికి తీసికొని గౌరవముతో నిలుపుకొన్న సంస్థకు, ఆపద్వేళ అది రక్షయైనది.

పిదప సంస్థ చేసిన పనియు చెప్పుకొనదగినదే. మరణించిన ఉద్యోగుల కుటుంబముల భారము వహించుటయే గాక, 2008 డిసెంబరులోనే ప్రజాసేవకై ఒక ధర్మనిధిని నెలకొల్పిరి. హోటలుతో సంబంధము లేని బాధితులకు – రైలుస్టేషనులో గాయపడిన కూలివానికి, వీధిలో అంగడి కోల్పోయినవానికి, నేలకొరిగిన పోలీసు జవాను కుటుంబమునకు – ఆ సహాయము అందినది. బాధితుల యిండ్లకు పోయి మంచిచెడ్డలు విచారించుటలో సమాజశాస్త్ర విద్యాలయమువారు తోడ్పడిరి. 1936లో నాటిన విత్తు 2008లో నీడనిచ్చినదన్నమాట. కాలిపోయిన పాత భవనము మరమ్మతు పొంది 2010 ఆగస్టు 15న తిరిగి తెరువబడినది.

రెండవ పరీక్ష 2020లో వచ్చినది. కరోనా వ్యాధికి వెరచి దేశమంతయు తలుపులు మూసికొన్న దినములలో, హోటలు గదులన్నియు ఖాళీ. ఆ యేప్రిలులో బొంబాయి తాజ్ గదులను రోగులకు సేవచేయు వైద్యులకును, నర్సులకును ఇచ్చిరి. ఇంటికి పోయినచో పిల్లలకు వ్యాధి అంటునేమో యని భయపడు వైద్యులకు ఆ గది ఎంతటి ఊరటయో ఊహింపవచ్చును. పైన చెప్పిన ధర్మనిధి పక్షమున ఆస్పత్రులకును, నడచిపోవు వలసకూలీలకును లక్షలకొలది భోజనములు వండి పంపిరి. మహామారి వేళ పుట్టిన హోటలు, మరియొక మహామారి వేళ, నూరేండ్లకు పైబడిన పిదప, అన్నము వెల లేక పెట్టినది. భటార్‌ఖానా కొంతకాలము సత్రమైనది!

ఈ కథకు మన హైదరాబాదునందును ఒక అధ్యాయమున్నది. పాతబస్తీకి దక్షిణమున కొండమీద నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించిన ఫలక్‌నుమా భవనము, తరువాత ఆరవ నిజాము మీర్ మహబూబ్ ఆలీఖాను వశమైనది. నూటయొక్కమంది ఒకేసారి కూర్చుండగల భోజనపు బల్ల అందున్నది. చాలకాలము మూతవడి దుమ్ముపట్టిన ఆ భవనమును తాజ్ సంస్థ కౌలునకు తీసికొని, ఏండ్ల తరబడి బాగుచేయించి, 2010 నవంబరులో హోటలుగా తెరచినది. చిత్రితమైన కప్పులు, కొయ్యచెక్కడములు, గ్రంథాలయము నిలిచినవి; ఇది నిశ్చయముగా నగరమునకు జరిగిన మేలే. కాని కొండ దిగువ ఇరుకుసందులలో నివసించువానికి ఆ దీపముల వరుస దూరమునుండి చూచుటకు మాత్రమేనా? అచటి పిల్లలకు పనియో, పని నేర్చుకొను అవకాశమో ఆ మేడ కల్పించినపుడే, అద్దమువంటిదన్న ఆ పేరులోని ఆకాశము క్రిందివారికిని కొంత కనబడును.

నేడు ఈ బాధ్యతను చట్టమే విధించినది. 2013 నాటి కంపెనీల చట్టము 135వ విభాగము 2014 ఏప్రిలు 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. ఐదువందల కోట్ల నికర విలువగాని, వేయికోట్ల వ్యాపారముగాని, ఐదుకోట్ల నికర లాభముగాని గల కంపెనీలు, గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి రెండుపాళ్లు సమాజహితమునకై వ్యయము చేయవలెను. మొదట, చేయనిచో కారణము తెల్పినచో చాలునని యుండెను. 2021 జనవరి నుండి, వ్యయముగాని మొత్తమును నిర్ణీత నిధులకు జమకట్టవలెననియు, తప్పినచో జరిమానా యనియు నియమమును బిగించిరి.

చట్టము మంచిదే. కాని రెండుపాళ్లు లెక్క చూపిన వెంటనే బాధ్యత తీరినట్లు తలంచు ప్రమాదము ఇందున్నది. రెండుపాళ్ల సంగతి సరే. తక్కిన తొంబదియెనిమిదిపాళ్లు ఎట్లు సంపాదించితివని అడుగు వారెవరు? విలాసపు హోటలు నీటిని ధారాళముగా వాడును. ప్రక్కవీధిలో బిందెల వరుస నిలిచియుండగా దాని ఈతకొలను నిండియుండును. పగలు రేయి చల్లనిగాలి యంత్రములు తిరుగును. మిగిలిన వంటకములు కుండలకొలది పారవేయబడును. గుత్తేదారుని ద్వారా వచ్చిన పనివానికి, సొంత ఉద్యోగికి జీతభత్యములలో వ్యత్యాస ముండును. పాఠశాలకొక గది కట్టించి ఛాయాచిత్రము తీయించుకొనుట సులభము; అంట్లు తోముమనిషికి ఆదివారము సెలవిచ్చుట కష్టము. మొదటిదానికి లెక్కపుస్తకములో పద్దున్నది. రెండవదానికి లేదు. ఎంప్రెస్ మిల్లులో 1886 నాటి పింఛను నిధి ఈ రెండవ జాతికి చెందినది. అందుచేతనే అది గొప్పది.

తాజ్ చరిత్రవలన మనము నేర్చుకొనదగినది ఇదియేనని తోచుచున్నది. ఒక హోటలు మంచిచెడ్డలను దాని దీపగుచ్ఛములు చెప్పవు, దాని వార్షిక నివేదికయు చెప్పదు. వెనుక గుమ్మము చెప్పును. వంటవాడు, చాకలి, కావలివాడు ఆ గుమ్మమున ఎట్లు లోనికి వచ్చుచున్నారో, ఎట్లు బయటికి పోవుచున్నారో చూచినచో చాలును. 2008లో అతిథులు బ్రతికి బయటపడిన దారి ఆ వెనుక గుమ్మమే.

గన్నవరముకడ వైనతేయ గోదావరిని దాటించు కాలువ వంతెనకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టియున్నారు. ఆమె అన్నము పెట్టిన ఊరికి నేడు ఆమె పేర నీరు పారుచున్నది. వెల లేని ఆతిథ్యమునకు లోకము తీర్చుకొన్న ఋణమది. వెలకు ఆతిథ్యమిచ్చువాని లెక్క దీనికి తలక్రిందులు: ఊరు వానికి నీరిచ్చినది, నేల నిచ్చినది, పనివారి నిచ్చినది, పేరిచ్చినది. తీర్చవలసిన ఋణము వానిదే. నూటికి రెండుపాళ్లన్నది ఆ ఋణమునకు వడ్డీ మాత్రమే. అసలు ఇంకను మిగిలియున్నది.